సీసా చెప్పనిది చిప్ప చెబుతుంది

మామిడికాయల కాలం వస్తే మా అమ్మ చేతిలో ఆల్చిప్ప ఉండేది. మానేరు ఇసుకలో ఏరుకొచ్చిన చిప్పను గరుకు బండ మీద అరగదీస్తే దాని వీపున చిన్న కంత పడేది. ఆ కంత అంచు కత్తి కన్నా పదును. కాయ మీద పెట్టి లాగితే పచ్చటి పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకొని ఒళ్ళో రాలేది. కంత పెట్టని చిప్ప ఇంకొకటి ఉండేది, పాలగంజు అడుగున అంటిన గోకు గీకడానికి. లోపల ముత్యం మెరుపు, బయట నల్లగోధుమ రంగు మీద వంపు తిరిగిన గీతలు. ఆ గీతలు ఆ జీవి పెరిగిన కాలానికి ఆనవాళ్ళని మాకెవరికీ అప్పుడు తెలియదు.

గూట్లో దాని పక్కనే మరో చిప్ప ఉండేది. మా చిన్నాన్న కొడుకు కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు సముద్రం ఒడ్డున ఏరి తెచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇలాంటి ఇళ్ళకు లెక్కలేదు. ఒక కొడుకు మానేరు నీళ్ళో గోదావరి నీళ్ళో తాగుతాడు, ఇంకో కొడుకు ఉప్పు తీసిన సముద్రపు నీళ్ళు తాగుతాడు. కువైట్, బహ్రెయిన్, దుబాయిల్లో నల్లా తిప్పితే వచ్చేది చాలావరకు ఆ నీళ్ళే. సముద్రంలో సీసం ఎంత, పాదరసం ఎంత అనే ప్రశ్న సముద్రానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మనకు ఎందుకని అనుకోవడానికి లేదు. మన పిల్లల కడుపులోకి పోయే నీటి సంగతి అది.

ఆ ప్రశ్నకు జవాబు కోసం ప్రపంచం అర్ధ శతాబ్దంగా నమ్ముకున్న సాక్షి ఆల్చిప్ప. ఉప్పునీటిలో అక్కరకొచ్చిన ఆ సాక్షిని మన మంచినీటిలోకీ పిలవాలని, అదీ మానేరు, గోదావరి నీళ్ళ గురించి పెద్ద ప్రమాదమేదీ బయటపడక ముందే పిలవాలని నా వాదన.

1975లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ఒక చిన్న వ్యాసం రాశాడు. ప్రపంచ సముద్ర తీరాల మీద కాపలా ఉంచాలంటే ఓడలూ పరికరాలూ అంతటా పెట్టలేం, రాళ్ళకు అంటుకొని బతికే ఆల్చిప్పలను అన్ని తీరాల నుంచీ ఏరి, ఒకే పద్ధతిలో పరీక్షిద్దాం అన్నాడు. దానికి 'మసెల్ వాచ్' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడే అమెరికా తీరంలో పని మొదలైంది. 1986 నుంచి అక్కడి సముద్ర, వాతావరణ సంస్థ 'నోవా' దాన్ని శాశ్వత కార్యక్రమంగా నడుపుతోంది. ఫ్రాన్స్ 1970ల నుంచే తన తీరంలోని ఆల్చిప్పలనూ గుల్లలనూ ఏటేటా పరీక్షిస్తోంది. 1990ల్లో ఆసియా తీరాల్లోనూ పచ్చ ఆల్చిప్పలను ఏరి చూశారు. వాటిలో మన దేశపు తీరమూ ఉంది.

ఆల్చిప్పనే ఎందుకు నమ్మారు? చేప ఈదుకుంటూ పోతుంది, దాని ఒంట్లోని విషం ఏ ఊరిదో చెప్పలేం. ఆల్చిప్ప పట్టుకున్న చోటును పెద్దగా వదలదు. రెండు చిప్పల మధ్య సన్నటి సందులోంచి నీళ్ళు లోపలికి పీల్చి, మొప్పల మీద వడగట్టి, అందులోని నాచు తునకలను తిని, నీళ్ళు బయటికి వదులుతుంది. ఎదిగిన సముద్రపు ఆల్చిప్ప గంటకు లీటరుకు పైగా నీటిని ఇలా వడగడుతుంది. రాత్రీ పగలూ అదే పని. నీటితో వచ్చిన లోహం మొప్పల్లోంచి, తిండితో వచ్చిన లోహం కడుపులోంచి ఒంట్లోకి చేరుతుంది. సీసం, కాడ్మియం వంటివి కాల్షియం వెళ్ళే దారుల్లో దూరిపోతాయి. చిప్ప కట్టుకోవడానికి కాల్షియం కోసం అలమటించే జీవి వాటిని ఆపలేదు. లోపలికి వచ్చిన కాడ్మియాన్ని, రాగిని మెటలోథయోనిన్ అనే మాంసకృత్తు పట్టి కట్టేస్తుంది. విషం కట్టుబడి ఉంటుంది కాబట్టి జీవి చావదు, విషం అంత తొందరగా బయటికీ పోదు. కొన్ని నెలలు గడిచేసరికి చుట్టూ ఉన్న నీటికి వేల రెట్లు ఎక్కువ లోహం దాని ఒంట్లో పోగవుతుంది.

ఇక్కడే సీసాలో పట్టిన నీటి నమూనాకూ దీనికీ తేడా. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని, కాడ్మియం 0.003 మిల్లీగ్రాము దాటకూడదని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. ఇంత స్వల్పమైన మోతాదును కొలవడం కష్టం. సీసా మూత, చేతి తొడుగు, ప్రయోగశాల దుమ్ము కూడా లెక్కను చెడగొట్టగలవు. అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ తన ప్రయోగశాలను దుమ్ము లేకుండా శుభ్రం చేసి కొలిచాకే, అంతకుముందు సముద్రపు నీటిలో సీసం గురించి లోకం రాసుకున్న అంకెల్లో చాలావాటికి మూలం సముద్రం కాదనీ, నమూనా తీసిన చేతులేననీ తేలింది. ఒకవేళ కొలత సరిగ్గానే వచ్చినా అది ఆ నిమిషం సంగతి మాత్రమే. రాత్రి రెండు గంటలకు ఎవరైనా రంగునీళ్ళు వాగులోకి వదిలారనుకుందాం. పొద్దున పదింటికి అధికారి వచ్చి సీసా ముంచేసరికి ఆ నీళ్ళు ఊరు దాటిపోతాయి. సీసా 'అంతా బాగుంది' అంటుంది. అబద్ధం చెప్పదు పాపం, తను చూసింది చెబుతుంది. ఆల్చిప్ప రాత్రి కూడా అక్కడే ఉంది.

జపాన్‌లోని మినమాటా అఖాతం కథ తెలిసిందే. 1956లో వింత నరాల జబ్బుగా బయటపడింది. ఒడ్డున పిల్లులు పిచ్చెక్కినట్టు గింగిరాలు తిరిగి చచ్చాయి. చిస్సో కంపెనీ కాలువ నుంచి సముద్రంలో కలిసిన పాదరసం కారణమని నమ్మించడానికి ఏళ్ళు పట్టింది. ఆ విషపు రూపాన్ని, మిథైల్ పాదరసాన్ని, కుమామోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ అఖాతంలోని గుల్లల మాంసం నుంచే వేరుచేసి చూపించారు. గుల్లలను పదేళ్ళ ముందు నుంచే పరీక్షిస్తూ ఉంటే ఎన్ని ఒళ్ళు వంకర పోకుండా ఉండేవో అని ఆ కథ చదివినప్పుడల్లా నా మనసు కొట్టుకుంటుంది. తైవాన్‌లో 1986లో పెంపకపు గుల్లల మాంసం పచ్చగా మారింది. ఎగువన ఏరు పక్కన పాత ఇనుము, తీగలు కరిగించే కొలిమిల నుంచి వచ్చిన రాగి ఆ రంగుకు కారణం.

సాక్ష్యం విన్నవాళ్ళకు మేలు జరిగిన కథా ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో ఆర్కషోన్ అఖాతం గుల్లల సాగుకు పేరు పడ్డది. 1970ల చివర్లో అక్కడ పిల్ల గుల్లలు నిలవడం మానేశాయి, పెద్దవాటి చిప్పలు వికారంగా దళసరెక్కాయి. పడవల అడుగున నాచు పట్టకుండా పూసే రంగులోని తగరం సమ్మేళనం దానికి కారణమని తేల్చి, 1982లో చిన్న పడవలకు ఆ రంగును ఫ్రాన్స్ నిషేధించింది. గుల్లలు కోలుకున్నాయి. అంతర్జాతీయ ఒప్పందం అమలులోకి రావడానికి మాత్రం 2008 దాకా పట్టింది.

మన మనుషులు పనిచేసే గల్ఫ్ సముద్రంలో ఈ పని ఎలా జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ అక్కడ కనిపిస్తాయి. ఆ సముద్రం ఒకప్పుడు ముత్యాల సముద్రం. బహ్రెయిన్‌లోని ముహర్రక్ ఊరి ముత్యాల వారసత్వాన్ని యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ముత్యాలిచ్చిన ఆ జాతి గుల్లే ఇప్పుడు కాలుష్యానికి కొలబద్ద. 1991 గల్ఫ్ యుద్ధంలో లక్షల టన్నుల ముడి చమురు నీళ్ళలో కలిసినప్పుడు, మొనాకోలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రయోగశాల శాస్త్రవేత్తలు తీరం వెంట అడుగు మట్టి, గుల్లలు ఏరి పరీక్షించారు. తీవ్రమైన చమురు కాలుష్యం ప్రధానంగా సౌదీ తీరం వెంట సుమారు 400 కిలోమీటర్ల మేరకే పరిమితమైందని తేలింది. బహ్రెయిన్ దగ్గర కొన్నిచోట్ల చమురు ఆనవాళ్ళు యుద్ధానికి ముందుకన్నా తగ్గాయి కూడా. యుద్ధం వల్ల ట్యాంకర్ల రాకపోకలు పడిపోయి, అవి కడిగి వదిలే చమురు నీళ్ళు తగ్గాయి మరి. రోజువారీ పాపం ఎంత ఉందో యుద్ధం దాన్ని ఆపి చూపించింది.

అదే ప్రయోగశాల 2004లో ప్రచురించిన సర్వే మరో పాఠం నేర్పుతుంది. దక్షిణ గల్ఫ్‌లో కొన్ని గుల్లల్లో ఆర్సెనిక్ బాగా ఎక్కువగా కనిపించింది. ఒమన్ దక్షిణ తీరంలో కొన్ని చేపల కాలేయంలో కాడ్మియం బాగా ఎక్కువ. ఎవరి కర్మాగారం అని వెతకబోయేలోగా శాస్త్రవేత్తలు చెప్పిన మాట ఇది: ఆర్సెనిక్ సహజమైనదే కావచ్చు, ఒమన్ దగ్గర రుతుపవన కాలంలో లోతు సముద్రపు నీళ్ళు పైకి తన్నుకొచ్చి తమతోపాటు కాడ్మియం మోసుకొస్తాయి, అది ఆహార గొలుసులో ఎక్కి ఉంటుంది. అంటే చిప్పలో లోహం ఎక్కువుంది అన్నంత మాత్రాన ఎవరినో బోనులో నిలబెట్టలేం. ఆ చోట మామూలుగా ఎంత ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. ఈ ముందు లెక్క లేకపోతే తర్వాతి లెక్కలన్నీ వాదాలకే పనికొస్తాయి.

తెలుగు తీరంలో ఈ సాక్షులకు కొదవ లేదు. విశాఖ లోపలి హార్బర్ ఇరుకైనది, చుట్టూ రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, 1977లో మొదలై 2012లో మూతబడిన జింక్ కర్మాగారం. మేహాద్రిగెడ్డ నీళ్ళూ అటే చేరతాయి. అక్కడి రాళ్ళకు పట్టిన గుల్లల మీద విశాఖ పరిశోధకులు లోహాల పరీక్షలు చేశారు. మన దేశంలో 1991 నుంచి తీర జలాల పర్యవేక్షణ కార్యక్రమం కూడా ఉంది. నాకు కావలసింది ఇంకొంచెం: ఒకేచోట, ఒకే నెలలో, ఏటా గుల్లలు తీసి, ఆ లెక్కను మత్స్యకారుల ఊళ్ళో గోడ మీద రాసే ఏర్పాటు. కాకినాడ అఖాతంలో బుడిత గుల్లలు ఏరుకొని బతికేవాళ్ళకు ఆ లెక్క మీద అందరికన్నా ముందు హక్కుంది. ఆ అఖాతం పక్కనే గోదావరి సముద్రంలో కలుస్తుంది. సిరిసిల్ల పక్కన మానేరులో కలిసిన నీటిచుక్క మంథని ప్రాంతంలో గోదావరిని చేరి, ఆనకట్టలు దాటి, చివరికి పోయేది అటే.

ఇక మన ఊళ్ళకు వద్దాం. ఎగువ మానేరు నర్మాల దగ్గర, మధ్య మానేరు మాన్వాడ దగ్గర, దిగువ మానేరు కరీంనగర్ దగ్గర. ఒకే ఏటి మీద మూడు ఆనకట్టలు. మొదటి రెంటి నడుమ సిరిసిల్ల. వేములవాడ మీదుగా వచ్చే మూలవాగు మధ్య మానేరు దగ్గరే మానేరులో కలుస్తుంది. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతల నీళ్ళూ ఆ జలాశయానికి చేరాయి. నిలబడిన నీటిలో మట్టి అడుగుకు దిగుతుంది, మట్టితో పాటు లోహమూ దిగుతుంది. కాబట్టి జలాశయం పైపైన తేటగా కనబడడం దానికదే భరోసా కాదు.

సిరిసిల్ల మగ్గం గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నీళ్ళ పరీక్ష అనగానే నేతన్న మీద మరో కేసు అనుకునే భయం ఉంది. బతుకమ్మ చీరల ఆర్డర్ల కోసం ఎదురుచూసి, అప్పుల్లో కూరుకుపోయిన మనుషుల భయం అది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. మరమగ్గం నీళ్ళలో లోహం కలపదు. లోహం వచ్చే అవకాశం అద్దకం దగ్గర, అదీ రంగు రకాన్ని బట్టి. కొన్ని నీలి, ఆకుపచ్చ రంగుల అణువులోనే రాగి ఉంటుంది. కొన్ని ముదురు రంగుల్లో క్రోమియం ఉంటుంది. పాలిస్టర్ పోగు తయారీలో ఆంటిమొని సమ్మేళనం వాడతారు. సుమారు 130 డిగ్రీల వేడి మీద పాలిస్టర్‌కు రంగు వేసేటప్పుడు అందులో కొంత నీళ్ళలోకి ఊరుతుంది. ఏ రంగు వాడారన్నది, నీళ్ళు శుద్ధి అయ్యాయా లేదా అన్నదే ప్రశ్న. శుద్ధి ఖర్చు చిన్న యూనిట్ల మీద పడేస్తే అవి మూతబడతాయి, లేదా రాత్రిపూట గేటు తెరుస్తాయి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలని నేను గట్టిగా అంటాను. చిప్ప లెక్క బాగుందని వస్తే ఆ కాగితం సిరిసిల్లకు గొప్ప అండ కూడా.

జగిత్యాల, కోరుట్ల వైపు మరో రకం. వరి, పసుపు, మామిడి. ఫాస్ఫేట్ ఎరువుకు మూలమైన రాతిలో కాడ్మియం సహజంగా ఉంటుంది, ఎంతన్నది రాయి తవ్వి తెచ్చిన దేశాన్ని బట్టి. తెగుళ్ళకు కొట్టే రాగి మందులు వానకు కాలువల్లోకి దిగుతాయి. వినాయక నిమజ్జనం నాడు చెరువుల్లో కరిగే రంగుల్లో సీసం, క్రోమియం ఉండకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నియమాలు పెట్టి ఏళ్ళయింది. పాటిస్తున్నామా అన్నది నిమజ్జనానికి ముందు ఒక బుట్ట, తర్వాత ఒక బుట్ట చిప్పలు తీసి చూస్తే తెలిసిపోతుంది.

మంచినీటి ఆల్చిప్ప ఈ పనికి సముద్రపు ఆల్చిప్పకు తీసిపోదు. మన ఏళ్ళలో, చెరువుల్లో ఉండే లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అనే జాతితోనే భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ ముత్యాల సాగు నేర్పుతోంది. దాని మొప్పల్లో సన్నటి కాల్షియం రేణువులు పేరుకొని ఉంటాయి, లోహాలు వాటిలో చేరి నిలుస్తాయి. ఇంకో సంగతి. సముద్రంలో కాడ్మియం ఉప్పులోని క్లోరైడ్‌తో జతకట్టి తిరుగుతుంది కాబట్టి ఒంట్లోకి అంత సులువుగా చొరబడదు. మంచినీటిలో దానికి ఆ కట్టు లేదు. ఉన్న కొద్దిపాటి కాడ్మియమూ తేలిగ్గా లోపలికి వెళ్తుంది. పోలండ్ రాజధాని వార్సాలో తాగునీటి శుద్ధి కేంద్రంలో ఎనిమిది మంచినీటి ఆల్చిప్పలకు చిన్న పరికరాలు తగిలించి కూర్చోబెట్టారు. నీళ్ళలో తేడా వస్తే అవి చిప్పలు మూసుకుంటాయి, గంట మోగుతుంది. ఒక మహానగరం నల్లా నీళ్ళకు కాపలా అవి.

మనకు గంటలు, పరికరాలు అక్కర్లేదు. ప్లాస్టిక్ జల్లి బుట్టలు చాలు. శుభ్రమైన చెరువులోంచి ఒకే పొడవున్న ఆల్చిప్పలు తెచ్చి, బుట్టకు ముప్పై చొప్పున వేసి, తాడు కట్టి నీళ్ళలోకి దించాలి. ఒకే పొడవు అని ఎందుకంటే పెద్దదానికీ చిన్నదానికీ లోహం పట్టే తీరు వేరు. గుడ్లు పెట్టే కాలంలో ఒళ్ళు చిక్కి లెక్క మారుతుంది, కాబట్టి ఏటా అదే నెల చూసుకోవాలి. బుట్టలు నర్మాల దగ్గర ఒకటి, అది ఎగువ లెక్క. సిరిసిల్ల దిగువన ఒకటి, మధ్య మానేరులో ఒకటి, కోరుట్ల వాగులో ఒకటి, ధర్మపురి దగ్గర గోదావరిలో ఒకటి. రెండు మూడు నెలలాగి తీయాలి. తీసిన వెంటనే కోయకూడదు. ఒకటి రెండు రోజులు తేట నీళ్ళలో ఉంచితే కడుపులోని మట్టి కక్కేస్తాయి, లేకపోతే మట్టిలో లోహాన్ని ఒంట్లో లోహం అనుకుంటాం. ఆపైన మాంసం ఆరబెట్టి, నత్రికామ్లంలో కరిగించి, లోహాలను కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రంలో పెడతారు. పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం, శాతవాహన విశ్వవిద్యాలయం చేతిలో చేయి వేస్తే ఈ పని సాగుతుంది. జంతుశాస్త్రం చదివే డిగ్రీ పిల్లలకు ఇంతకు మించిన ప్రయోగ పాఠం లేదు.

రాగి, జింకు విషయంలో ఈ సాక్షిని కాస్త అనుమానంగా వినాలి. అవి దాని ఒంటికి కావలసినవి కాబట్టి చాలా జాతులు వాటిని కొంత అదుపులో పెట్టుకుంటాయి, నీళ్ళలో పెరిగినంతగా ఒంట్లో పెరగనివ్వవు. సీసం, కాడ్మియం, పాదరసం దగ్గర మాట నమ్మవచ్చు. మన ప్రాణాలకు ఎక్కువ ముప్పు కూడా ఆ మూడే.

నాకున్న దిగులల్లా చిప్పలు దొరకడం గురించే. ఇసుకలో పాతుకొని బతికే జీవి ఇది. దాని పిల్ల చేప మొప్పకో రెక్కకో కొన్నాళ్ళు అంటుకొని బతికితే తప్ప పెద్దది కాలేదు. మానేరులో ఇసుక తవ్వకాల గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇసుకతోపాటు లారీ ఎక్కి పోయిన ఆల్చిప్పలను ఎవరూ లెక్కపెట్టలేదు. మొన్న వేసవిలో అమ్మ అడిగితే చిప్ప కోసం ఏట్లోకి దిగాను. గంటసేపు వెతికితే విరిగిన ముక్కలు రెండు దొరికాయి. ఏ మడుగులో ఇంకా ఉన్నాయో చెప్పగలిగింది వలలేసే గంగపుత్రులు, ముదిరాజులు. బుట్టల కాపలా బాధ్యత వాళ్ళ సంఘాలకే ఇచ్చి, దానికి కూలీ కట్టివ్వాలి. వరద తగ్గి నీళ్ళు తేరుకునే కార్తీకంలో బుట్టలు దించితే, సంక్రాంతి దాటాక మొదటి లెక్క చేతికొస్తుంది.